ముప్పై ఎనిమిది శాతం

రాసుకోండి బాబూ.
పేరు పొన్నమండ దీవెనమ్మ.
ఊరు మొగల్తూరు అవతల, కాలవ చివర.
వయసు నలభై ఒకటి.
వృత్తి దగ్గర మాత్రం మీ కలం ఆగలేదండి,
నన్నడక్కుండానే ‘గృహిణి’ అని పడిపోయింది.
కొట్టెయ్యండి దాన్ని.

ఎనిమిదో ఏట నుంచి లేసు అల్లాను.
మా అమ్మ అరుగు మీద కూర్చోబెట్టి
ముందు గొలుసు నేర్పింది, ఆనక ఖాళీ నేర్పింది.
దారం కాదే పిల్లా లేసంటే,
దారం ఎక్కడ ఆగాలో తెలియడం, అనేది.
పద్దెనిమిది రేకుల పువ్వు
ఏ దేశంలోనో ఎవరి బల్ల మీదో పరుస్తారట.
ఉండకి ఇంతని లెక్కగట్టి ఏజెంటు ఇచ్చేవాడు.
రసీదు ఎప్పుడూ ఇవ్వలేదు.
ఇప్పుడు మీరు రసీదులడుగుతున్నారు.

ఆ రోజు సంగతి ఎఫ్ఐఆర్‌లో ఉంది.
రొయ్యల చెరువు ఉప్పు మా మంచినీళ్ల బావిలోకి దిగుతోందని
అర్జీ పెట్టాం. మొదటి సంతకం నాది.
గట్టు మీద ఎదురొచ్చాడు కామందు కొడుకు,
చేతిలో కొబ్బరి గెలలు కోసే కత్తి.
తల మీదకొస్తే అడ్డం పెట్టాను.
కుడిచెయ్యే లేచింది ముందు,
అన్నిటికీ అలవాటుపడ్డ చెయ్యి కదా.

కాకినాడ పెద్దాసుపత్రిలో నరాలు అతికించారు.
బొటనవేలు వస్తుంది.
చూపుడువేలు సగం దాకా వస్తుంది.
మిగతా మూడూ తడిసిన పిట్టపిల్లల్లా
ఒకదాన్నొకటి ఒరుసుకుని పడుకున్నాయి.

బోర్డు డాక్టరుగారు మంచాయనే.
వేళ్ల వంపు కొలిచారు.
గ్లాసు ఎత్తమన్నారు, ఎత్తాను.
గడియ తియ్యమన్నారు, తీశాను.
సూది పట్టుకోమనలేదు.
ముప్పై ఎనిమిది శాతమని రాశారు.
నలభై ఉంటే పింఛనీ వచ్చేదట,
రెండు తక్కువ.
ఆ రెండూ ఎక్కడున్నాయో వెతుకుతున్నానండి,
ముద్ద కలిపినప్పుడు,
జడ వేయించుకోడానికి
నా కూతురి ముందు నేను పీటేసుకు కూర్చున్నప్పుడు.

ఓ రాత్రి పెద్దమనుషులొచ్చారు రాజీకి.
మంచం మీద కవరు పెట్టారు. మూడు లక్షలు.
ఎలాగూ చెయ్యి తిరిగి రాదు కదమ్మా, అన్నారు.
మా ఆయన కవరు వైపు చూశాడు.
తప్పుపట్టను. వానొస్తే
గదికి మూడు గిన్నెలు పెట్టుకునే ఇల్లు మాది.
రాత్రంతా కవరు మంచమ్మీద పడుకుంది,
మేం కింద పడుకున్నాం.
తెల్లారి నేనే వెళ్లి ఇచ్చేసొచ్చాను, ఎడంచేత్తో.
ఎడంచేత్తో ఇవ్వకూడదంటారు.
ఇచ్చాను.

డబ్బు వద్దని కాదు బాబూ.
డబ్బు కోసమే ఇది ఏడోసారి ఏలూరు రావడం,
బస్సు చార్జీలకి కోడిపెట్టల్నమ్ముకుని.
వాళ్లది నోటి ఖరీదు,
నేనడిగేది చేతి ఖరీదు.
మా అమ్మ అరవై ఏడో ఏట దాకా అల్లింది.
ఆ లెక్కన నాకింకా ఇరవై ఆరేళ్ల పనుంది.
అందులో జ్వరాల రోజులు తీసెయ్యండి,
ఆదివారాలు తీసెయ్యండి, చర్చికి పోతాను.
మిగిలింది కూడండి.
దయతలిచి గుండ్రంగా చెయ్యకండి,
పైసల దగ్గర ఆగిపోతే ఆగిపోనివ్వండి.

రసీదు కావాలన్నారుగా, తెచ్చాను.
ఇదిగోండి, పదకొండు రేకులు.
పన్నెండోది మొదలుపెట్టి
అర్జీ మీద సంతకానికి పిలిస్తే లేచెళ్లాను.
కొస ముడి వెయ్యలేదు. చూసి పట్టుకోండి,
ఈ ఒక్క పోగు లాగితే
మొదటి గొలుసు దాకా ఊడిపోతుంది.

ఫైల్లో పెట్టుకుంటారో, కుదరదంటారో
ఆ ముక్కేదో కాగితమ్మీద రాసివ్వండి.
సంతకం ఎడంచేత్తో పెడతాను, నేర్చుకున్నాను,
కాస్త పక్కకి ఒరుగుతుంది.
నాలుగింటి బస్సు తప్పితే
మళ్లీ ఆరున్నరకేనండి.