ఎడమ మోకాలు

నెరిమాలో ఆ స్టూడియోకి కిటికీల్లేవు.
ఒంటికి అతుక్కున్న నల్లచొక్కాలో
మినెగిషి చిగుసా చేతులు చాపి నిలబడేది.
నేను తెల్లపూసలు అంటించేవాణ్ణి,
మణికట్టుకి రెండు, మడమకి రెండు,
మొత్తం నలభై ఒకటి.
దిష్టిచుక్కలు తెల్లగా ఉంటే అలాగే ఉంటాయేమో.

అంతకుముందు ఆమె ఏడుగురు అమ్మాయిల జట్టులో ఐదోది.
డెబ్బైమంది పట్టే నేలమాళిగల్లో
ఆమె కోసం ఊపే దీపాల రంగు నిమ్మపండు పసుపు.
పాటయ్యాక మడతబల్ల వెనక నిలబడాలి.
వెయ్యి యెన్‌లకి ఒక ఫొటో,
ఫొటోలో బొమ్మ తేలేదాకా మాట్లాడొచ్చు.
ఇరవై ఆరేళ్లకి పట్టభద్రురాలైంది.
మానిపించడాన్ని అక్కడ అలా అంటారు.

ఇప్పుడు తెరమీద పదహారేళ్ల రురినో.
చెమట పట్టదు.
ఎవరితో భోంచేసినా పత్రికకెక్కదు.
పుట్టినరోజు వస్తుంది, వయసు రాదు.
ఒక్కటే చిక్కు:
కుడికి తిరిగేముందు ఎడమ మోకాలు
రెప్పపాటు ఆలోచించుకుంటుంది.
ఎప్పుడో రిహార్సల్లో మెట్లమీద పడిందట.

మూడు పాటలు అలాగే వెళ్లిపోయాయి.
నాలుగోదానికి హోరిగోమె నా వెనక నిలబడి
"సాపు చేసెయ్" అన్నాడు.
ఆరు ఫ్రేములు. తెల్లారేసరికి
నీళ్లమీద నూనెలా జారింది రురినో.

నీగతా నుంచి ఒక టాక్సీ డ్రైవరు
కాగితం మీద, చేత్తో రాశాడు:
"మా అమ్మాయికి ఏం చేశారు?
తిరిగేముందు ఆగేది కదా.
అది చూసే నేను రాత్రి డ్యూటీకి లేచేవాణ్ణి."
జవాబు రాసే పని ఎవరిదో తేలలేదు.

మొన్న కవాగుచి స్టేషను పక్క గేమ్ సెంటర్లో
చిగుసా కనబడింది.
ఎదురుకొట్లో క్రోకెట్లు వేయిస్తుందట,
ఏప్రనైనా విప్పలేదు.
వంద యెన్ నాణెం వేసి
రురినోతో సమంగా ఆడుతోంది.
ప్రతి అడుగూ తనదే.
కుడికి తిరిగేచోట మాత్రం
యంత్రం ఎర్రగా వెలిగింది: ఆలస్యం.
ఇంకో నాణెం. మళ్లీ ఆలస్యం.

వెనక వరసలో బడిపిల్ల ఉండబట్టలేక
"అక్కా, రురినో అక్కడ ఆగదు" అంది.
"అవునా?" అని మోకాలు రుద్దుకుని
చిగుసా పక్కకి జరిగింది.
"ఏదీ, నువ్వు చూపించు."

పిల్ల చూపించింది. తప్పులేకుండా.

నేను పలకరించలేదు.
ఆ ఆరు ఫ్రేములూ చెరిపేశానని
హోరిగోమెకి చెప్పాను కానీ
చెరపలేదు.