ప్లేటు కింది రంగు

స్టోన్‌హౌస్‌పేటలో నా పాలిష్ కొట్టుకు
మంచాలొస్తాయి, బీరువాలొస్తాయి,
గృహప్రవేశానికి ముందు తలుపులొస్తాయి.
బేసు గిటారు రావడం అదే మొదలు.

పాత దుప్పట్లో చుట్టి, ఆటోలో ఒళ్లో పెట్టుకోని
తెచ్చాడు జెకర్యా సారు.
నాలుగే తీగలు. తీగలా అవి,
చేదతాడు కంటే కొంచెం సన్నం.
"ముప్పైయేళ్లు ఆర్కెస్ట్రాలో,
ఆ తరవాత చర్చిలో" అన్నాడు,
మనిషి ఉద్యోగం చెప్పినట్టు.

వెంటొచ్చిన మనవడు ఫోన్లో బొమ్మ చూపించాడు.
"ఇట్టా తళతళా మెరవాల, క్రిస్మస్ లోపల."
ముసలాయన అటు చూళ్లేదు.
గిటారు పొట్ట మీద వేలు పెట్టి
"కొత్తది చెయ్యబాక.
ఇంక పోకుండా చూడు, అంతే."

ఉదయగిరిలో మా నాయన నర్ది చెక్కతో గరిటెలు చెక్కేవాడు.
చెక్క చెప్పేదాకా ఆగాలిరా సందానీ, అనేవాడు.
నేనాగలేదు. నెల్లూరొచ్చి
పాతవి కొత్తగా చేసే పని పట్టుకున్నా.
నా చేతికి వచ్చిన మాట ఒకటే: గీకెయ్.
ఇప్పుడు గీకొద్దంటే
చేతులు రెండూ కూలి దొరకనోళ్ల మాదిరి
బల్ల మీద కూర్చున్నాయి.

చూశా.
అంచుల్లో తాటిపండు నలుపు,
మధ్యకొచ్చేకొద్దీ పండు నిమ్మ పసుపు.
కుడి మోచెయ్యి ఆనే చోట
రంగూ లేదు, అడుగు పూతా లేదు,
జానెడు మేర ఉత్త చెక్క,
చెమట తాగి తాగి తేనె తేలింది.
వెనక బెల్టు బకిలీ గీతలు,
ఒకదాని మీదొకటి, ఎవరూ కొట్టెయ్యని బాకీ.
తల దగ్గర సిగరెట్టు కాలిన మచ్చ.
"అది నాది కాదు, డ్రమ్ముల మాల్యాద్రిది."
మాల్యాద్రి పోయి పన్నెండేళ్లంట.
మచ్చ చుట్టూ తుడిచా.

బనీను గుడ్డ, రెండు చుక్కల నీళ్లు.
చెక్కు లేచిన చోట
అగ్గిపుల్ల మొనతో లక్కర్ బొట్టు.
బొట్టు ఆరేదాకా టీ.
టీ తాగొచ్చి ఇంకో బొట్టు.
రోజుకు అరచెయ్యంత.
పక్క కొట్టు సుధీరు తొంగి చూసి
"ఏందన్నా, పసిబిడ్డకు మందు పోస్తుండావా" అన్నాడు.

తీగలు విప్పి, పదకొండు మరలు తీసి
నల్ల ప్లేటు ఎత్తా.
కింద
ఎండ తగల్లేదు, చెయ్యి తగల్లేదు,
కొన్ననాటి రంగు అట్టనే ఉంది.
నిప్పు కణిక ఎరుపు.
అంటే ఆ నలుపుకీ ఈ పసుపుకీ మధ్య
ఒక ఎరుపుండేదన్నమాట.
స్టేజీ దీపాల కింద, తిరునాళ్ల ఎండల్లో
చెప్పకుండా ఒకో పిసరు ఎల్లిపోయిందన్నమాట.

ఫోన్ చేసి పిలిపించా.
మనవడు ఎగిరి గంతేశాడు, "మొత్తం ఇట్టనే చేసెయ్!"
జెకర్యా సారు కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకోని
వంగి చూశాడు,
ఎవరి పెళ్లి ఫొటోనో చూసినట్టు.
"మూసెయ్" అన్నాడు.
"అది నేను వాయించింది కాదు."

మూశా. పదకొండు మరలూ, ఏ బొక్కది ఆ బొక్కకే.
మైనం పల్చగా రుద్ది ఇచ్చా.
కొట్లోనే తీగలు బిగించి,
కరెంటు లేదు, స్పీకరు డబ్బా లేదు,
అన్నిట్లోకీ లావు తీగ ఒకటి మీటాడు.
నాకేం వినపళ్లా.
బల్లకానించిన నా మోచేతికి తెలిసింది.

మర్నాడు మూలాపేట నించి పాత తలుపొకటొచ్చింది.
గడియ పక్కన, భుజమెత్తులో,
అరచెయ్యి మేర నున్నగా, నల్లగా.
ఎన్ని చేతులు తోసుంటాయో.
ఉప్పు కాగితం తీశా.
తీసి, పక్కన పెట్టి, ఓనరుకు ఫోన్ చేశా.
"కొత్తగా ఉండాల" అన్నాడు.

చేశా.
ఆరినాక ఆ చోట చెయ్యి ఆనించి చూశా.
పని బాగా వచ్చింది.
చల్లగా ఉంది.