నలభై రెండో నంబరు

నిన్న రాత్రి చీటీలు మడిచింది నేనే.
నూట ఎనభై ఆరు నలుపు, డెబ్బై మూడు ఎరుపు.
బడిపంతులు లెక్క తప్పడని
ఏటా నన్నే పిలుస్తారు.
మడతలన్నీ ఒకేలా ఉండాలి,
వేలికి రంగు తెలిసిపోకూడదు.

యసోథోన్‌లో ఏప్రిల్ అంటే
రేకుల కింద ఉడుకు.
చొక్కాలు విప్పిన కుర్రాళ్లు, ఛాతీకి చుట్టే టేపు.
నుదుటి మీద ఎవడు రాస్తాడో గానీ
భుజం మీద రాసేది గుమాస్తానే, నీలం మార్కరుతో.
చెమటకి అంకె కారి మోచేతి దాకా దిగుతుంది.

వరుసలో ఒక గుండు, కాషాయం.
ఒక ఎర్ర లిప్‌స్టిక్, నా దగ్గర ఎక్కాలు నేర్చిన పిల్లే,
డాక్టరు కాగితంతో విసురుకుంటోంది.
తాయెత్తుని పళ్ల మధ్య కరిచి పట్టినవాడొకడు.
ఇక్కడ నలుపే శుభం.
నలుపంటే, మైకు తీగలు తొక్కుకుంటూ తల్లులు పరుగెత్తుకొస్తారు.
ఎరుపంటే రెండేళ్లు.

బుద్ధ శకం రెండువేల అయిదువందల నలభై, నా ఏడు.
నా భుజం మీద నలభై రెండు,
బున్‌థోమ్ భుజం మీద నలభై ఒకటి.
వాడికి దాహమేసింది.
"నువ్వు పో, ఇప్పుడే వస్తా" అని
బకెట్ దగ్గరికి వెళ్లాడు.
నేను చెయ్యెత్తి కుండలో పెట్టాను.
పైన తగిలిన చీటీ.
వెతకలేదు, ఒట్టు.

నలుపు అన్నారు మైకులో.
ఎవరో నన్ను ఎత్తుకున్నారు.
ఆ భుజాల మీంచి చూశాను,
మూతి తుడుచుకుంటూ వాడు కుండ దగ్గరికి నడవడం.

తూర్పు సరిహద్దు అడవిలో
అక్కడా వరుసే.
మందుపాతర తొక్కింది ముందు నడిచినవాడు.
బున్‌థోమ్‌కి ఎడమ చెవి మాత్రమే పోయింది.
తిరిగొచ్చి బైకులు బాగుచేసే కొట్టు పెట్టాడు.
నేను పంతులునయ్యాను, పెళ్లాడాను, పొట్ట వచ్చింది.
నా బండి వాడే చూస్తాడు.
అణాపైసలతో లెక్కగట్టి డబ్బు తీసుకుంటాడు,
చిల్లర అరచేతిలో పెడతాడు.
ఇరవై ఏడేళ్లలో ఆ రోజు మాట
వాడెత్తలేదు, నేనెత్తలేదు.
కుడిచెవి వైపే నిలబడి మాట్లాడటం మాత్రం
ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నాను.

ఇవాళ వాడి కొడుకు ఫూమిన్ వచ్చాడు.
నూట పదిహేడు.
బల్ల వెనక నేను, నా ముందు కుండ.
తాడు అవతల బున్‌థోమ్, గ్రీజు చేతులు కడుక్కోకుండానే.

ఫూమిన్ పెదాలు తడుపుకుని
నీళ్ల డ్రమ్ము వైపు చూశాడు.
"దాహమేసినా సరే" అన్నాడు తండ్రి,
చెవిటివాళ్లు అనేంత గట్టిగా,
"వరుస వదలకు."

రేకుల కింద అందరూ విన్నారు.
వాడు నావైపు చూడలేదు.

నూట పదహారు, నలుపు.
కుర్రాడు బల్ల దగ్గరికొచ్చి చేతులు జోడించాడు.
కుండని రెండు చేతులా పట్టి కుదిపాను,
అవసరమైన దానికన్నా ఎక్కువసేపు.