బోరు లారీకి సెలవు

పార్నపల్లె డ్యాం కాడ
లైఫ్ జాకెట్లు తొడుక్కోను రాక
ఒకరి నాడాలు ఒకరం బిగించుకున్నాం, ఆరుగురం.
లారీకి సెలవు గానీ చెవులకు లేదు,
పడవ ఇంజనూ రిగ్గు మాదిరే మొత్తుకుంటాంది.

నడి చిత్రావతిలో
పడవాయన దాన్ని ఆపేసినాడు.
పొద్దు కొండకు ఆనుకుంది.
ఎవరమూ దగ్గను గూడా లేదు.

మద్దిలేటి వంగి చెయ్యి ముంచినాడు.
ఎనిమిది వందల అడుగులు రాడ్లు దింపి
తెల్లదుమ్మే ఎక్కువ చూసిన చెయ్యి.
"ఎంత లోతున్నా?"
అలవాటు కొద్దీ అడిగినాడు.

"లోతుతో నీకేం పని? పైనే ఉండాయి గదా."

ఎర్రటి నీళ్లు దోసిట్లోకి తీసి
మొహం కడుక్కుంటాడనుకున్నా.
ముందు చెవులు తుడుసుకున్నాడు,
రెండూ, నిదానంగా.

రేపటి పాయింటు ఏ ఊర్లోనో
గట్టుకు చేరేదాకా
మేస్త్రీ చెప్పలేదు,
మేం అడగలేదు.