పదో రోజు

పదో రోజు అన్న మాట
మా ఇంట్లో పైకి అనం.
మావైపు దానికి వేరే అర్థముంది.
"గడువైపోయింది" అంటాడు పైడిరాజు,
చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి.
అక్కడ గవ్వంత ప్లాస్టిక్ బిళ్ళ,
దాని కింద చర్మంలోకి దిగిన వెంట్రుకంత తీగ.
ఐదు నిమిషాలకోసారి
అతని ఒంట్లో తీపెంతో నా ఫోనుకి చెప్పేది,
రాత్రి పదకొండింటికి
బెల్లం కొట్టిన రాయిలా ఊరుకుంది.

అలమారలో ఇంకొక్కటే ఉంది.
కొత్త కంపెనీ ఇన్సూరెన్సు
మార్చి ఒకటిన గానీ కళ్ళు తెరవదు.
కేలెండరు మీద వేలు పెట్టి లెక్కేశాను,
ముప్పై నాలుగు రోజులు.
దీన్ని ఇంకో పది, దాన్ని పదీ పదీ సాగదీస్తే
నాలుగు తక్కువ.
"ఏటవుద్ది, లాగేద్దాం" అన్నాడు.

అరిగిన సబ్బుముక్కని
కొత్త సబ్బు వీపుకి అతికించే ఇంట్లో పెరిగాను.
లాగడం నాకొకరు నేర్పాలా?
అయినా కిందింటి మార్లీన్ నేర్పింది,
మొగుడు పోయినా అతని సూదులింకా పారెయ్యని మనిషి.
వాడేసిన స్ట్రిప్పుని పక్క సందులోకి దూర్చాలి,
టక్కుమనే దాకా.
బిళ్ళ పైకి లేస్తుంది, తీగ మాత్రం కదలకూడదు.
పొయ్యి మీద టీ మరిగి చల్లారేదాకా ఆగి
మళ్ళీ నొక్కాలి.
ఫోను నమ్మేసింది.
కొత్త సెన్సరా, అనడిగింది. అవునన్నాను.
రెండు గంటలు ఆగమంది. ఆగాం.
అంచులు లేచిపోకుండా చుట్టూ టేపు వేసి
"దీర్ఘాయుష్మాన్ భవ" అన్నాను, బిళ్ళతోనే.

కిటికీలోంచి డులూత్ రేవు కనిపిస్తుంది.
సరస్సు గడ్డకట్టి,
ఖనిజం మోసే ఓడలు ముక్కులు ఆనించుకుని పడుకున్నాయి.
పొద్దున్నే పైడిరాజు వాటి గోడల మీద గేజ్ పెట్టి
ఇనుము ఎంత మిగిలిందో కొలుస్తాడు.
ఇంత మందం కన్నా తగ్గితే
అతుకు ఒప్పుకోడు. కెప్టెన్ బతిమాలినా సరే.

పన్నెండో రోజు బాగానే చెప్పింది.
పద్నాలుగో రాత్రి యాభై రెండని కేకేసింది.
ఉలిక్కిపడి లేపాను.
ఆ చెయ్యి కింద పెట్టుకుని పడుకున్నాడంతే,
వేలు గుచ్చితే నూట పద్దెనిమిది.
నవ్వుకున్నాం. నేను కొంచెం తక్కువ నవ్వాను.

పదిహేడో రాత్రి కేకెయ్యలేదు.
నిండు నూరు చూపించింది,
అక్షింతలు వేసి దీవించినట్టు.
దిండు తడిసి ఉందని తెలిసింది నా చెంపకి.
బయట సున్నాకింద ఇరవై,
హీటరు ఎప్పట్లాగే అరకొరగా.
ఇంత చెమటెక్కడిది?
వేలు గుచ్చాను. నలభై ఏడు.
అనకాపల్లి నించి తెచ్చిన అచ్చుబెల్లం
గూట్లో ఉంది. పళ్ళ మధ్య పెట్టాను.
చప్పరిస్తూ నన్ను గుర్తుపట్టడానికి
కాసేపు పట్టింది అతనికి.

తెల్లారాక టేపు నేనే పీకాను.
"ఇంకో మూడ్రోజులు…" అన్నాడు.
"ఓడైతే ఒప్పుకునేవాడివా?" అన్నాను.
మాట్లాడలేదు.
తీగ చివర చిన్న ఎర్రచుక్క,
కింద చర్మం ఎండ చూడని నేలలా తెల్లగా, చతురంగా.

కొత్తది పెట్టాం.
ఇదీ పది దాటాక సాగదీస్తామా?
దీస్తామేమో. ప్రమాణాలు చెయ్యను.
కానీ నిద్రకి ముందొకసారి, రెండింటికొకసారి
వేలి మాట కూడా వింటాను,
పుస్తకంలో రెండు గళ్ళు గీశాను.

నాలుగు రోజుల లోటు ఏడైంది.
"పది ఏళ్ళున్నాయి కదేటి" అని
రెండు చేతులూ నా ముందు పరిచాడు.
ఒక్కోటీ చూసుకుంటూ వచ్చాను.
కుడి బొటనవేలు వదిలేశాను,
గేజ్ అదిమేది దానితోనే.