పద్నాలుగు అడుగులు

గిమ్లీలో సరస్సు ఇంకా గడ్డకట్టే ఉంది.
గరాజులో, ట్రెయిలరు మీద, పద్నాలుగడుగుల అల్యూమినియం పడవ.
రగ్నా దాని నేల పెకలిస్తోంది.

ప్లైవుడ్డు నానిన రొట్టెలా చేతికొస్తోంది.
కింద ఫోము దిమ్మలు.
మునిగితే తేల్చాల్సినవి,
నీళ్లు తాగి తాగి బండలయ్యాయి.
ఒక్కొక్కటీ తూచింది: మొత్తం నూట పది పౌన్లు.
"ఎనిమిదేళ్లు పాపం మోటారుని తిట్టాను" అంది.

తర్వాత గొట్టం తెచ్చి
పడవ లోపలే నీళ్లు పట్టింది.
ట్రెయిలరు కింద వెల్లకిలా పడుకుని టార్చి వేస్తే
రివెట్టు రివెట్టుకీ
పడాలా వద్దా అని వేలాడుతూ ఓ చుక్క.
పెళ్లిళ్లకి తప్ప తియ్యని లిప్‌స్టిక్కుతో
చుట్టూ సున్నాలు గీసింది. పదిహేడు.
నీళ్లు తోడేశాక
లోపల్నుంచి తను సుత్తితో కొడుతుంటే
కింద ఇనపదిమ్మె ఆనించి పట్టుకున్నది నేను.
రెండ్రోజులు చెవుల్లో అదే మోత.

పాత చెక్క తిరగేస్తే పెన్సిలు రాత,
మాకు ముందు దీన్ని నడిపినవాడిది:
'అరంగుళం పొట్టి. మళ్లీ కొయ్యాలి.'
కొయ్యనే లేదు మహానుభావుడు!
నవ్వుకుని, రగ్నా మూడుసార్లు కొలిచింది.
రంపం ఆపి, కొత్త చెక్క దింపి చూస్తే
ముక్కు దగ్గర సందు,
సరిగ్గా అరంగుళం.

కాసేపు ఎవరం మాట్లాడలేదు.
ఆమె చెక్క పైకి తీసి, అడుగున రాసింది:
'నాదీ అంతే.'
స్క్రూలు బిగించేసింది.

మే నెలాఖరుకి మంచు వదిలింది.
పడవ దూదిలా లేచి పరిగెత్తింది.
మొదటి రోజే ఓ గాలం
ఆ సందులోకి జారిపోయింది.
వెతకలేదు.