బూట్లలో గోరింటాకు

అట్లతద్దినాడు
నాలుగింటికి లేవడం మా అమ్మకి పండగ.
నాకు రోజూ నాలుగింటికే.
ఉండి కాలవ గట్టు మీద రొయ్యల కంపెనీ బస్సు
హారన్ కొట్టకుండా ఆగుతుంది.
కొడితే మగాళ్ళకి నిద్ర చెడుతుందని
ఊళ్ళో పెద్దలు చెప్పారట.

గేటు దగ్గర మేకుల వరస.
గాజులు తీసి, రుమాల్లో మూటకట్టి
ఎవరి మేకుకి వాళ్ళు తగిలించాలి.
రొయ్యలో గాజుముక్క పడితే
ఓడెక్కిన సరుకంతా వెనక్కొస్తుందట.
మొదటిరోజు పదకొండు మందిమి
చేతులు వెనక్కి దాచుకుని నిలబడిపోయాం.
"మొగుళ్ళు బతికుండగానా!" అంది మంగతాయారు.

అప్పుడు నూకరత్నం,
తొమ్మిదేళ్ళుగా బోసిచేతుల నూకరత్నం,
మమ్మల్ని తప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది.
పెళ్ళిళ్ళలో వంటింటి గుమ్మం దాటని మనిషి
ఆవేళ అందరికీ ఎదురు నడిచింది.

లోపల తెల్లకోటు, తెల్లటోపీ, ముక్కుకి గుడ్డ.
బొట్టున్నదెవరో లేనిదెవరో తేలదు.
ఐసునీళ్ళలో వేళ్ళన్నీ ఒకేలా కొయ్యబారతాయి.
తల తీసి, నరం లాగి,
ముప్ఫై కౌంటు ఈ తొట్టిలోకి, నలభై ఆ తొట్టిలోకి.
రొయ్యకేం తెలుసు
తన తల తీసింది ముత్తైదువో కాదో.

పదో తారీకున నా పేరునే డబ్బు పడుతుంది.
ఫోను టింగుమంటే మాత్రం
నాకంటే ముందు మా ఆయన చూస్తాడు.
ఇంకా అంతే. అబద్ధం ఎందుకు.

సాయంత్రం మూట విప్పితే
ఉబ్బిన చేతికి గాజులెక్కవు.
సబ్బునురగ రాసి తొడుక్కుంటాను, అత్త చూసేలోగా.

ఈ ఏడు చేతులకి గోరింటాకు వద్దన్నారు.
సువార్త మేడం గోళ్ళు తిప్పి తిప్పి చూస్తుంది.
ఎర్రగా పండితే మంచి మొగుడొస్తాడంటారు గానీ
నాకు చిన్నప్పట్నుంచీ ప్రతి ఏడూ పండింది.
ఉండబట్టలేక రాత్రి రోలు కడిగి ఆకు నూరి
పాదాలకి పెట్టుకున్నాను.
గిన్నెలో ముద్ద మిగిలింది.
రెండిళ్ళవతల తలుపు తట్టాను.

"నాకా?" అంది నూకరత్నం.
"బూట్లలో ఎవరు చూడొచ్చారు" అన్నాను.
వీధి లైటు వైపు చూసింది. కుక్క వైపు చూసింది.
తర్వాత తలుపు గడియ పెట్టి
పీట జరుపుకుని, కుచ్చెళ్ళు కాస్త పైకి లాక్కుంది.
మడమ పగుళ్ళలో పచ్చముద్ద దిగుతుంటే
"చల్లగా ఉందే" అంది, ఇంకేమీ అనలేదు.

తెల్లారి బస్సులో
పండిందా అని అడిగాను.
కిటికీలోంచి చూస్తూనే
"నీకంటే" అంది.